నాలుగేళ్లు కళాశాలలో ఆడినవాడు పనికిరాడా? డ్రాఫ్టుకు ముందు ఒక చర్చ

పాత పీఈటీ, చిత్తూరు | 2025 జూన్ 23, ఉదయం 10.40

ఈ ఉదయం అయిదున్నరకు మొదలైన ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) ఫైనల్స్ ఏడో ఆట చూశాను. ఆట ముగిసి చాలాసేపైనా మనసు దాని మీదనే ఉంది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఇండియానాకు ఆయువుపట్టయిన హాలిబర్టన్ మొదటి క్వార్టర్లోనే మడమ వెనక స్నాయువు తెగి పడిపోయాడు. ఆ తర్వాత జట్టును భుజాన మోయడానికి ప్రయత్నించినవాడు టీజే మెకానల్. ఆరడుగుల ఒక అంగుళం మనిషి. కళాశాల ఆట పూర్తిగా ముగించుకుని 2015 డ్రాఫ్టుకు, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజుకు, వస్తే అరవై పేర్లు చదివారు, అతని పేరు మాత్రం చదవలేదు. అతని పక్కన ఆడిన నెంబార్డ్ నాలుగేళ్లు కళాశాలలో ఆడి 2022లో 31వ ఎంపికగా వచ్చాడు. గెలిచిన ఓక్లహోమా సిటీలో డార్ట్‌నూ కరూసోనూ డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. హార్టెన్‌స్టైన్ 43వ ఎంపిక. ఆ కోర్టు మీద చివరిరోజు నిలబడ్డవాళ్లలో ఇంతమంది ఒకప్పుడు వద్దనిపించుకున్నవాళ్లే.

గురువారం తెల్లవారుజామున, మన సమయం ప్రకారం, కొత్త డ్రాఫ్టు. తెలియనివారి కోసం ఒక్క మాట: ముప్పై జట్లకు రెండు రౌండ్లు. వెనకబడిన జట్లకు లాటరీ ద్వారా ముందు వరస దక్కుతుంది. ఈసారి అరవై కాదు, 59 ఎంపికలే. జేలెన్ బ్రన్సన్‌తో ఒప్పందం మాట్లాడే గడువు మొదలవకముందే మాటలు కలిపినందుకు న్యూయార్క్ జట్టు తన రెండో రౌండు ఎంపికను పోగొట్టుకుంది. ఆ బ్రన్సన్ సంగతీ చూడండి. కళాశాల స్థాయిలో రెండుసార్లు జాతీయ విజేత, 2018లో దేశంలోనే ఉత్తమ ఆటగాడు. అయినా పొట్టివాడన్నారు, 33వ ఎంపిక దాకా ఆపారు.

నా వాదన సూటిగా చెబుతాను. జట్లు పద్దెనిమిదేళ్ల పిల్లవాడిలో కనబడని దాన్ని ఊహించుకుని కొంటున్నాయి, ఇరవై మూడేళ్లవాడిలో కళ్లెదుట కనబడుతున్న దాన్ని వదిలేస్తున్నాయి. ఈసారి నేను నిలబడే ముగ్గురు: క్రైటన్ కళాశాల సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) రయాన్ కాల్క్‌బ్రెన్నర్, ఆబర్న్ జట్టు జానీ బ్రూమ్, ఫ్లోరిడా గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) వాల్టర్ క్లేటన్. కాల్క్‌బ్రెన్నర్ ఏడడుగుల మనిషి, తన లీగులో నాలుగుసార్లు ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. బ్రూమ్ ఈ ఏడాది తన లీగులో ఉత్తమ ఆటగాడు. క్లేటన్ ఏప్రిల్‌లో ఫ్లోరిడాను జాతీయ విజేతగా నిలబెట్టాడు, ఆఖరి నాలుగు జట్ల పోటీలో ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనిదే. ఈ ముగ్గురినీ ఇరవై తర్వాత, ముప్పై తర్వాత చూద్దాంలే అంటున్నారు. ఎందుకని?

లెక్కల మనిషి, తిరుపతి | జూన్ 23, మధ్యాహ్నం 1.15

నమస్కారం మాస్టారూ. మీ మాటలోని ఆవేదన అర్థమైంది. కానీ మీరు చూపింది గెలిచినవాళ్ల జాబితా. రెండో రౌండులో పేరు వచ్చి, ఒకటి రెండేళ్లలో కనబడకుండా పోయినవాళ్ల జాబితా ఇంతకు ఎన్నో రెట్లు పెద్దది. వాళ్ల గురించి ఎవరూ చర్చ పెట్టరు కాబట్టి వాళ్లు మనకు గుర్తుండరు.

మీరు చెప్పిన ఈ ఉదయం ఆటనే తీసుకుందాం. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు ఎవరు? షే గిల్జియస్ అలెగ్జాండర్. కళాశాలలో ఆడింది ఒక్క ఏడాది. 2018లో అతన్ని 11వ ఎంపికగా తీసుకున్నది నాలుగేళ్ల రికార్డు చూసి కాదు, ఆ ఒక్క ఏడాదిలో కనబడిన ఎదుగుదల చూసి.

2015కు వెళదాం. విస్కాన్సిన్‌లో నాలుగేళ్లు ఆడిన ఫ్రాంక్ కమిన్‌స్కీ ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడు, తొమ్మిదో ఎంపిక. నాలుగు స్థానాల తర్వాత పద్దెనిమిదేళ్ల డెవిన్ బుకర్. కెంటకీలో ఒక్క ఆటలో కూడా మొదటి అయిదుగురిలో లేడు. పదేళ్ల తర్వాత స్టార్‌గా నిలిచింది బుకర్, కమిన్‌స్కీ కాదు. 2011లోనూ అదే కథ: నాలుగేళ్లు ఆడి, దేశమంతా పేరు మోసిన జిమ్మర్ ఫ్రెడెట్ పదో ఎంపిక, రెండేళ్లు మాత్రమే ఆడిన కవాయ్ లెనార్డ్ పదిహేనో ఎంపిక.

దీనికి కారణం ఉంది. ఇరవై మూడేళ్లవాడు పద్దెనిమిదేళ్లవాడి మీద ఇరవై పాయింట్లు వేస్తే అందులో ఎంత ఆట, ఎంత వయసు? ఒళ్లు గట్టిపడినవాడు ఇంకా గట్టిపడనివాణ్ని పక్కకు తోసి వేసిన పాయింట్లు ఎన్‌బీఏలో రావు, అక్కడ అందరూ గట్టిపడినవాళ్లే. వయసుకు జట్లు వేసే కోత అన్యాయం కాదు, లెక్క.

కుప్పం సెంటర్ | జూన్ 23, మధ్యాహ్నం 2.05

నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఆరడుగుల మూడు అంగుళాలు. పొడుగున్నానని చేర్చుకుని సెంటర్‌గా నిలబెట్టారు, పాస్ ఎలా ఇవ్వాలో ఎవరూ నేర్పలేదు. అందుకే అడుగుతున్నాను. చైనా కుర్రాడు యాంగ్ హాన్సెన్ గురించి ఎవరూ మాట్లాడరేం? ఏడడుగుల పైన పొడుగు, చింగ్‌దావ్ జట్టులో ఆడుతున్నాడు, సెంటర్ అయినా పాయింట్ గార్డ్‌లా బంతి అందిస్తాడు. చాలా జాబితాల్లో అతన్ని రెండో రౌండులో వేశారు.

గార్డ్ నంబర్ 7, తిరుపతి | జూన్ 23, సాయంత్రం 6.30

మాస్టారికీ లెక్కల తమ్ముడికీ ఇద్దరికీ చెబుతున్నాను, మీరు వయసు దగ్గరే ఆగిపోయారు. అసలు తేడా అక్కడ లేదు.

లూకా డాంచిచ్‌ను చూడండి. 2018లో పంతొమ్మిదేళ్లవాడు. అప్పటికే రియల్ మాడ్రిడ్‌కు ఆడుతూ యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోలీగ్‌లో ఉత్తమ ఆటగాడు. వయసూ చిన్నదే, చేసి చూపించిందీ పెద్దదే. రెండు కొలతలకూ సరిపోయినవాడు. అయినా అతనికంటే ముందు ఇద్దరిని పిలిచారు, రెండో స్థానంలో ఉన్న శాక్రమెంటో మార్విన్ బాగ్లీని తీసుకుంది. ఎందుకు? డాంచిచ్ వేగంగా పరుగెత్తడు, ఎత్తుకు ఎగరడు అన్నారు. నికోలా యోకిచ్ గురించీ ఇదే మాట. 2014లో 41వ ఎంపికగా అతని పేరు వచ్చినప్పుడు అమెరికాలో టీవీ తెర మీద ఒక తినుబండారం ప్రకటన నడుస్తోంది. ఇప్పుడు అతను మూడుసార్లు ఎంవీపీ, అంటే సీజనుకు ఉత్తమ ఆటగాడు. మొన్న ముగిసిన సీజనులో ఆటకు సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని అందుకోవడం), 10.2 అసిస్టులు (పాయింట్లు వేయించిన పాస్‌లు).

తక్కువ అంచనాకు గురయ్యేది వయసు కాదు, చూపు. బంతి చేతికి రాకముందే అది ఎక్కడికి పోవాలో తెలిసినవాడి చూపు. పొడుగును టేపుతో కొలుస్తారు, ఎగరడాన్ని గోడ పక్కన కొలుస్తారు. చూపును కొలవాలంటే కూర్చుని ఆట చూడాలి, గంటలు గంటలు. అంత ఓపిక ఎవరికుంది?

నేను విశ్వవిద్యాలయ జట్టుకు మూడేళ్లు పాయింట్ గార్డ్‌గా ఆడాను. కొత్త అమ్మాయిలు వచ్చినప్పుడు వాళ్ల చేతుల్లో బంతి ఉన్నప్పుడు చూసేదాన్ని కాదు. బంతి లేనప్పుడు కళ్లు ఎక్కడున్నాయో చూసేదాన్ని. ఆ అమ్మాయి బంతి వెంటే చూస్తుంటే ఇంకా సమయం పడుతుంది. ఖాళీ వైపు చూస్తుంటే ఆ రోజు నుంచే ఆడించవచ్చు. ఇందులో నేను పొరబడ్డది చాలా తక్కువ.

మన దేశానికి దగ్గరగా చెప్పాలంటే గీతూ అన్నా జోస్. కేరళ అమ్మాయి, దక్షిణ రైల్వేకు ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏలోని మూడు జట్లు ఆమెను పరీక్షకు పిలిచాయి. ఎవరూ ఉంచుకోలేదు. కొద్ది రోజుల పరీక్షలో తెలిసేది ఎంత, తెలియనిది ఎంత?

మాస్టారూ, మీ క్లేటన్‌కు నా ఓటు. పెద్దవాడు కావడం వల్ల కాదు, ఒత్తిడిలో కూడా కంగారు లేని చూపు వల్ల. కుప్పం తమ్ముడూ, యాంగ్‌కు కూడా నా ఓటే.

దామలచెరువు | జూన్ 23, రాత్రి 9.20

నాకు బాస్కెట్‌బాల్ మీలాగా తెలియదు, మా అబ్బాయి చూస్తుంటే పక్కన కూర్చుంటాను. కానీ మీరు మాట్లాడుతున్నది కాయ కొనడం గురించి. అది మా ఇంట్లో మూడు తరాలుగా చేస్తున్న పని. ఇప్పుడు మండీలో తోతాపురి రోజులు, పగలంతా అదే పని మీద ఉన్నాను.

ముదిరిన కాయకు తొడిమ దగ్గర భుజాలు లేస్తాయి, తొడిమ లోపలికి దిగినట్టు కనబడుతుంది. నీళ్లలో వేస్తే మునుగుతుంది. లేత కాయ తేలుతుంది. ఇది మా నాన్న నాకు ఏడేళ్లప్పుడు నేర్పాడు. కానీ ముదిరిందే మంచి కాయ, లేతది చెడ్డ కాయ అని ఆయన ఎప్పుడూ అనలేదు. ఎవరి కోసం కొంటున్నావని అడిగేవాడు. నాలుగు రోజులు లారీలో ప్రయాణం చేయాల్సిన సరుకుకు పండబోయే కాయ పనికిరాదు. రేపే గుజ్జు తీసే ఫ్యాక్టరీకి పచ్చికాయ పనికిరాదు. అదే కాయ ఒకరికి బంగారం, ఒకరికి నష్టం.

మీ జట్లూ అంతే కదా. అట్టడుగున ఉన్న జట్టుకు నాలుగేళ్లు ఆగే తీరిక ఉంది. ఈ ఉదయం గెలిచిన జట్టుకు వచ్చే అక్టోబరులో కోర్టు మీద నిలబడేవాడు కావాలి.

లెక్కల మనిషి, తిరుపతి | జూన్ 23, రాత్రి 10.05

అన్నా, నేను చెప్పలేకపోయిన మాట మీరు చెప్పారు. దానికి ఒప్పందాల లెక్క కూడా కలుపుతాను. మొదటి రౌండులో తీసుకున్నవాడికి రెండేళ్ల జీతం ఖాయం, మూడో ఏడూ నాలుగో ఏడూ ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు చేతిలో ఉంటుంది. ఆ నాలుగేళ్లూ జీతం తక్కువే. పద్దెనిమిదేళ్లవాణ్ని తీసుకుంటే ఆ చవక సంవత్సరాలు నేర్పడంలోనే పోతాయి, ఆట పండే సమయానికి పెద్ద జీతం అడుగుతాడు. ఇరవై మూడేళ్లవాడి మంచి ఆట ఆ చవక సంవత్సరాల్లోనే వస్తుంది. అంటే ఇరవయ్యో స్థానం తర్వాత, అప్పటికే బలంగా ఉన్న జట్లకు, మాస్టారి మాట సరైనది. మొదటి పదిలో మాత్రం నా మాట నిలబడుతుంది.

ఇంకొకటి. 2021 జూలై నుంచి కళాశాల ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు సంపాదించుకోవచ్చు. ఈ జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బు ఇవ్వబోతున్నాయి. వెనకటికి తొందరపడి డ్రాఫ్టుకు వచ్చేవాళ్లు ఇప్పుడు ఇంకో ఏడు ఆగుతున్నారు. కాబట్టి పెద్దవాడు అన్నంత మాత్రాన ‘ఎవరూ పిలవక మిగిలిపోయినవాడు’ అని అర్థం కాదు. ఇది మాస్టారి వైపు వాదనే. నేనే ఒప్పుకుంటున్నాను.

అయితే నా మనిషి వేరు. సెడ్రిక్ కవార్డ్. పేరూ ఊరూ లేని మూడో శ్రేణి కళాశాలలో మొదలుపెట్టి, అక్కడి నుంచి ఈస్టర్న్ వాషింగ్టన్, తర్వాత వాషింగ్టన్ స్టేట్. ఈ ఏడాది ఆరు ఆటలు ఆడగానే భుజం దెబ్బతింది. చేతులు రెండు వైపులా చాపితే ఏడడుగుల రెండు అంగుళాలు. అడుగడుక్కీ పై మెట్టుకు వెళ్లినా ఆట తగ్గలేదు. నేను చూసేది ఆ మెట్లను.

పాత పీఈటీ, చిత్తూరు | జూన్ 24, ఉదయం 7.10

రాత్రంతా మీ మాటలు చదువుతూ కూర్చున్నాను. లెక్కల తమ్ముడూ, ఆరు ఆటలు చూసి మనిషిని కొనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ చేతుల పొడవే నీ కళ్లకు గంతలు కట్టిందేమో ఒకసారి ఆలోచించు. కానీ నిన్ను తప్పు పట్టే ముందు నా సంగతి చెప్పాలి.

ఇరవై ఏళ్లకు పైబడింది. పిల్లల జట్టును ఎంపిక చేసే ముగ్గురిలో నేనొకణ్ని. గోడ మీద సుద్దతో ఒక గీత గీశాం. ఆ గీత దాటినవాళ్లను ఒక వైపు నిలబెట్టాం. గీతకు రెండు వేళ్ల కింద ఆగిపోయిన పిల్లవాడొకడున్నాడు. అంతకు ముందు గంటసేపు అతని ఆట చూశాను. మొహం ఒక వైపు, బంతి ఇంకో వైపు వెళ్లేది, అందుకునేవాడు పరుగు ఆపాల్సిన అవసరం ఉండేది కాదు. గార్డ్ అమ్మా, నువ్వు చెప్పిన చూపు అదే. నాకు కనబడింది. కనబడి కూడా గీతకే ఓటు వేశాను. ఒక స్థానం మిగిలితే, గీత దాటిన వేరే పిల్లవాడికి ఇచ్చాం. అతను రెండో ఏడాదికే ఆట మానేశాడు.

ఆ చిన్నవాడు ఇప్పుడు మా ఊళ్లోనే సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. నన్ను చూస్తే ఇప్పటికీ ‘సార్’ అని ఎదురొస్తాడు. అతని దగ్గర నేర్చుకున్న పిల్లలు పాస్ ఇచ్చే తీరు చూసినప్పుడల్లా ఆ సుద్దగీత గుర్తుకొస్తుంది.

అందుకే నిన్న వయసు గురించి అంత గట్టిగా మాట్లాడాను. కానీ గార్డ్ అమ్మ చెప్పింది నిజం. నేను పోట్లాడవలసింది వయసుతో కాదు, ఆ గీతతో. బ్రన్సన్‌ను ఆపిందీ అదే గీత. మిచిగన్ స్టేట్‌లో నాలుగేళ్లు ఆడిన డ్రేమండ్ గ్రీన్ 2012లో 35వ ఎంపిక. సెంటర్‌కు పొట్టి, చిన్న ఫార్వర్డ్‌కు నెమ్మది అన్నారు. 2017లో లీగ్ మొత్తానికీ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అతనే. నాలుగు విజేత ఉంగరాలు. అతను చేసేదీ ముందుగా చూడడమే.

కుప్పం సెంటర్ | జూన్ 24, ఉదయం 8.40

మాస్టారూ, గీత దాటినవాళ్ల గురించి కూడా ఒక మాట. రేపు జూన్ 25. సరిగ్గా పదేళ్ల కిందట ఇదే తేదీన డాలస్ జట్టు 52వ ఎంపికగా సత్నామ్ సింగ్ పేరు పిలిచింది. డ్రాఫ్టులో ఎంపికైన మొదటి భారతీయుడు. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం, ఏడడుగుల రెండు అంగుళాలు. నేను అప్పుడు నాలుగో తరగతి. ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడలేదు. అతని తప్పు నాకు కనబడదు. అందరూ అతని పొడుగునే చూశారు, నన్ను చూసినట్టే. యాంగ్‌ను అలా చూడకూడదని నా బాధ. అతని పొడుగు కాదు, అతని పాస్ చూడండి.

లెక్కల మనిషి, తిరుపతి | జూన్ 24, ఉదయం 9.00

తమ్ముడూ, యాంగ్ రెండో రౌండులోనే పోతాడు. అతని పాస్ బాగుంటుంది, కాదనను. కానీ కోర్టు మీద వేగంగా తిరిగే గార్డ్‌లను బయటి గీత దగ్గర ఎదుర్కోవాలంటే కాళ్లు కావాలి. చైనా లీగులో ఆ పరీక్ష అమెరికాలో ఉన్నంత కఠినంగా ఉండదు. 35 నుంచి 45 మధ్య అని నా అంచనా. మాస్టారూ, ఆ సుద్దగీత సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదేమో. మాతో చెప్పినందుకు కృతజ్ఞతలు.

కుప్పం సెంటర్ | జూన్ 26, ఉదయం 8.05

16! పదహారో ఎంపిక! యాంగ్ హాన్సెన్! పేరు పిలిచేటప్పటికి మనకూ చైనాకూ తేదీ మారిపోయింది. ఈ రోజు అతని ఇరవయ్యో పుట్టినరోజు.

లెక్కల మనిషి, తిరుపతి | జూన్ 26, ఉదయం 10.10

తమ్ముడూ, నేను పొరబడ్డాను. నీ మనిషి నా అంచనా కంటే కనీసం పంతొమ్మిది స్థానాలు ముందు వెళ్లాడు. మొదటి స్థానం అందరూ అనుకున్నట్టే, డాలస్‌కు కూపర్ ఫ్లాగ్.

ఇంకో సంగతి గమనించారా? కవార్డ్‌ను 11వ స్థానంలో తీసుకున్నారు. ఆ స్థానం పోర్ట్‌లాండ్‌ది, 16వది మెంఫిస్‌ది. రెండు జట్లూ మార్చుకున్నాయి. కవార్డ్ మెంఫిస్‌కు, యాంగ్ పోర్ట్‌లాండ్‌కు. అయిదు స్థానాలు ముందుకు రావడానికి మెంఫిస్ 2028 నాటి ఒక మొదటి రౌండు ఎంపికనూ, రెండు రెండో రౌండు ఎంపికలనూ అదనంగా ఇచ్చింది. మూడు రోజులుగా మనం వాదించుకున్న ఇద్దరినే ఒకరి బదులు ఒకరిని తీసుకున్నారు. దామలచెరువు అన్నా, ఎవరి కోసం కొంటున్నావన్న మీ నాన్నగారి ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

మాస్టారూ, క్లేటన్ 18. మిగిలిన మీ ఇద్దరి పేర్లూ ఇంకా పిలవలేదు.

గార్డ్ నంబర్ 7, తిరుపతి | జూన్ 26, మధ్యాహ్నం 12.30

క్లేటన్‌ను వాషింగ్టన్ పిలిచినా అతను వెళ్లేది యూటాకు. యూటా ఇప్పుడు అట్టడుగు జట్టు, ఆడటానికి నిమిషాలు దొరుకుతాయి. ఇరవై రెండేళ్లవాణ్ని మొదటి ఇరవైలో తీసుకున్నారంటే ఎవరో ఒకరు కూర్చుని ఆట చూశారన్నమాట.

కుప్పం తమ్ముడూ, నీకొక మాట. సెంటర్‌వి కాబట్టి నీకు పాస్ ఎవరూ నేర్పలేదన్నావు. ఆదివారం ఉదయం తిరుపతికి రా. మేం పది పన్నెండు మందిమి ఆడతాం. నిన్ను బుట్ట కింద నిలబెట్టం. ఫ్రీ త్రో గీత దగ్గర నిలబెట్టి బంతి నీ చేతికిస్తాం. చుట్టూ నలుగురు పరుగెత్తుతుంటారు, ఎవరికి ఇవ్వాలో నువ్వే చూసుకోవాలి.

పాత పీఈటీ, చిత్తూరు | జూన్ 27, ఉదయం 6.50

కాల్క్‌బ్రెన్నర్ 34, షార్లట్. బ్రూమ్ 35, ఫిలడెల్ఫియా. పక్కపక్కనే పిలిచారు. ఒకడు అయిదేళ్లు ఒకే కళాశాలలో ఉండి నాలుగుసార్లు ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు, ఇంకొకడు తన లీగులో మేటి. మొదటి రౌండు ముప్పై ఎంపికలూ వాళ్లను దాటుకుని వెళ్లాయి. ఇది సరైన ధర అని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

నోట్‌బుక్‌లో అయిదు పేర్లు రాసుకున్నాను: నా ముగ్గురు, కవార్డ్, యాంగ్. అక్టోబరులో ఆటలు మొదలైన రోజు నుంచి ఒక్కొక్కరి నిమిషాలు రాస్తాను. లెక్కల తమ్ముడూ, అంకెలు నువ్వు సరిచూడాలి.

కుప్పం నాయనా, ఆదివారం తిరుపతికి వెళ్లేటప్పుడు చిత్తూరులో దిగు. ఆ గీత కింద ఆగిపోయిన పిల్లవాడున్నాడు చూశావా, అతన్ని కూడా మీ వెంట రమ్మని అడిగాను. వస్తానన్నాడు.